అడుగుకు అంగుళం లెక్కన ఒక గడీ

మా ఇంటి ఓనరు చాచా వనపర్తి బజారులో గడియారాలు బాగుచేసేవాడు. ఆయన ఇంట్లో మాత్రం ఏ రెండు గడియారాలూ ఒకే టైము చూపించేవి కావు. అడిగితే, "దవాఖాన నడిపేటోని ఇంట్ల ఎవ్వరికి జొరం రాదా ఏంది?" అనేవాడు.

నేను వాళ్ల మేడమీద రేకుల గదిలో కిరాయికి ఉండి సివిల్ డిప్లొమా చదివాను. చదివాను అని గొప్పగా అంటున్నాను గానీ, మిగతా సబ్జెక్టులన్నీ దయతలచి వదిలేస్తే, డ్రాయింగ్ ఒక్కటి నన్ను వదల్లేక మూడోసారి రాయిస్తున్న కాలం అది. అప్పుడే చేతిచేతికీ సెల్‌ఫోన్లు వస్తున్నాయి. టైము ఎంతైందని అడిగితే జనం మణికట్టు చూసుకోవడం మానేసి జేబులు తడుముకుంటున్నారు. చాచా దుకాణానికి గిరాకీ తగ్గింది. కంటికి భూతద్దం తగిలించుకుని ఊరికే కూర్చోలేక ఆయన ఈగలను చూసేవాడు. ఈగ కాళ్లకు వెంట్రుకలుంటాయని నాకు చెప్పింది ఆయనే.

దుకాణం వెనకాలే ఇల్లు. చాచీ చీరలకు ఫాల్స్ కుట్టేది. భార్యాభర్తలిద్దరూ ఉర్దూలో మాట్లాడుకునేవాళ్లు. గొడవ ముదిరితే మాత్రం తెలుగులోకి వచ్చేవాళ్లు. తీర్పు చెప్పాల్సింది నేను కాబట్టి సాక్ష్యం నాకు అర్థమయ్యే భాషలో ఉండాలని. నేను ఆ ఇంట్లో దిగిన మొదటి వారంలోనే వాళ్ల పాత కేసు నా ముందుకు వచ్చింది. అప్పటికే దానికి ముప్పై ఏళ్లు దాటాయి.

కేసు ఇది. చాచీ వాళ్ల నాయన, అంటే ఆమె మాటల్లో 'అబ్బా', ఊళ్లు తిరిగి పెద్దిళ్లలో గోడ గడియారాలకు చావి ఇచ్చేవాడు. అవి వారానికొకసారి చావి తిప్పితే నడిచే గంటల గడియారాలు. చాచీకి ఆరేళ్లున్నప్పుడు ఒక బేస్తవారం నాడు, సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని, ఖిల్లా ఘణపూర్ దిక్కున ఒక దొర గడీకి తీసుకుపోయాడు. అట్లా తీసుకుపోయింది ఆ ఒక్కసారే. మరో రెండేళ్లకు ఆయన పోయాడు. ఫోటో లేదు. ఆ బేస్తవారం ఒక్కటే చాచీ దగ్గర మిగిలింది.

దాన్ని ఆమె ఎట్లా చెప్పేదంటే: "గడీల పెద్ద హాలు. నేను తలుపు బయట అరుగు మీద కూసున్న. తలుపుకు ఎదురు గోడకు గడియారం. దాని చుట్టు తలుపంత బంగారు చట్రం. అబ్బా నిచ్చెన ఎక్కి చావి తిప్పిండు. నా దిక్కు ఈపు పెట్టి తిప్పిండు. గంత దూరముంటే కిర్రుకిర్రుమని నా చెవుల పక్కనే ఇనొచ్చింది. ఆ తర్వాత ఏలుతోని పెద్ద ముల్లు తిప్పి టైము పెట్టిండు. ముల్లు ఎనక్కి పోయింది."

చాచాకు బంగారు చట్రంతో పేచీ లేదు. చెవుల పక్కన చప్పుడుతోనూ లేదు. పిల్లలు చెప్పే లెక్కల్లో అవి మామూలే అనేవాడు. ఆయన పేచీ అంతా ముల్లుతోనే.

"గంటలు కొట్టే గడియారానికి పెద్ద ముల్లు ఎనక్కి తిప్పొద్దు," అనేవాడు నా దిక్కు తిరిగి, చాచీ పక్క గదిలో ఉన్నట్టు. "తిప్పితే గంటల లెక్క తప్పుతది. మూడింటికి ఐదు కొడ్తది. ఇది నాకు మా ఉస్తాదు మొదటి దినమే నేర్పిండు. మామ ఎనక్కి తిప్పిండంటే ఆయనకు పని తెల్వదన్నట్టు. పని తెలుసంటే ఈమె చూడలేదన్నట్టు. రెండిట్ల ఏదో ఒకటి తీసుకోమను."

చాచీ రెండూ తీసుకునేది కాదు. పని రానివాడైన తండ్రిని తీసుకుంటే ఆయన పరువు పోతుంది. చూడలేదని ఒప్పుకుంటే ఆయనే పోతాడు. అందుకని ముప్పై ఏళ్లుగా ఆమె జవాబు ఒకటే: "నేను చూసిన."

నేను తీర్పు వాయిదా వేసి అన్నం పెట్టించుకునేవాణ్ని.

ఒకరోజు మా వీధిలోంచి ఒక ట్రాక్టరు పోయింది. ట్రాలీ నిండా పాత టేకు చెక్కలు, దూలాలు, రెండు పెద్ద తలుపు రెక్కలు. ఎక్కడివని అడిగితే డ్రైవరు ఆ గడీ పేరే చెప్పాడు. దొరవారి వారసులు ఎప్పుడో పట్నం పోయారు. గోడలు కూలాయి, మిగిలిన చెక్కను విప్పి అమ్ముతున్నారు. చాచీ చేతిలో సూదితోనే గడపలో నిలబడి ఆ తలుపులు మలుపు తిరిగేదాకా చూసింది.

"గదే తలుపు," అంది.

"టేకు తలుపులన్ని ఒక్కతీరుగనే ఉంటయి బేగం," అన్నాడు చాచా.

మర్నాడు పొద్దున నేను పళ్లు తోముకుంటుంటే చాచీ వచ్చింది. "ఇంజినీరూ, నాకు గా హాలు కట్టిస్తవా?"

"పాసైనంక చూద్దాం చాచీ."

"నువ్వు పాసయ్యేదాక నేను బతకొద్దా? చిన్నదే. గింత." రెండు చేతులు చాచి చూపించింది. చీరల అట్టపెట్టె అంత.

అట్లా మొదలైంది. డ్రాయింగ్‌లో రెండుసార్లు తప్పినవాడి చేత గది ప్లాను గీయించిన మనిషి జిల్లా మొత్తంలో ఆమె ఒక్కతే అయి ఉండాలి. అడుగుకు అంగుళం లెక్క పెట్టుకున్నాం. అసలు గదిలో పన్నెండు అడుగుల గోడ మా గదిలో పన్నెండు అంగుళాలు. లెక్క తేలికే. కొలతలు చెప్పేది ఆరేళ్ల పిల్ల కావడమే కష్టం.

"తలుపు ఎంత ఎత్తు చాచీ?"

"ఏనుగు దూరేటంత."

"కుర్చీ?"

"నా గదుమకాడికి." చేయి గడ్డం కింద పెట్టి చూపించింది.

చాచీ చెప్పిన కొలతలన్నీ వేస్తే హాలు ఎత్తు నలభై అడుగులు తేలింది. అంత ఎత్తుంటే అది గడీ కాదు, గోదాము. ఆరేళ్ల పిల్ల ఎత్తు మూడడుగులు అనుకుని, ఆ కంటికి ఏది ఎంత కనిపిస్తుందో తీసివేసుకుంటూ పోయాను. ఏనుగు తలుపు తొమ్మిదడుగులకు దిగింది. ఆ లెక్క ఏ పరీక్షలోనూ అడగరు. అడిగితే నేను ఫస్ట్ క్లాసు.

ప్లైవుడ్ పెట్టె చేయించాం. మూడు గోడలు, పైకప్పు. కుడిపక్క గోడ లేదు. చూసేవాళ్లు అక్కడినుంచి చూడాలి. ముందు గోడకు తలుపు, దాని బయట రెండు స్తంభాలతో సన్నటి అరుగు. ఎదురు గోడ చాచీ చెప్పే గడియారానికి. లోపల నేలకు పలకల ముక్కలు కోసి బండపరుపు వేశాం. చిన్నప్పుడు నేను అక్షరాలు దిద్దిన పలక కూడా అందులో ఉంది. దాన్ని పగలగొట్టేటప్పుడు నాకు రావాల్సినంత బాధ రాలేదు.

ఆ తర్వాత ఆ దంపతుల పనితనం చూశాను. చాచా చేతులు పన్నెండేళ్ల వయసునుంచి వెంట్రుక మందం స్ప్రింగులు పట్టినవి. గిరాకీ లేక ఎండిపోతున్న ఆ వేళ్లకు చాచీ పని పెట్టింది. ఆయన పాత వాచీ పట్టీల బకిల్స్‌తో తలుపుకు గొళ్లేలు చేశాడు. ఇత్తడి పుల్లలు సానబట్టి చెంబులు, పాన్ ఉమ్మేసే పీకుదాని, హుక్కా చేశాడు. పగిలిన వాచీ అద్దాల ముక్కలకు రంగు పూసి కిటికీలకు బిగించాడు. చాచీ తెగిన చెవి పోగుల పూసలతో వేలాడే దీపాల గుత్తి కట్టింది. పైకప్పు కింద గుడ్డ పంకా, దాన్ని లాగే తాడు గోడ రంధ్రంలోంచి బయటికి. బయట తాడు లాగితే లోపల పంకా ఊగేది.

"లాగేటోడు లేడా?" అని అడిగాను.

"మనుషులను పెట్టం," అంది చాచీ. "మా ఇంట్ల బొమ్మలు పెట్టుకోరు. మనిషి ఉండి ఇప్పుడే లేచిపోయినట్టుంటే సాలు."

అన్నట్టే చేసింది. తివాసి మీద ఒక దిండు కొంచెం నలిగి ఉండేది. బల్ల మీద కళ్లద్దాలు ఒక కాడ మడిచి, ఒక కాడ చాచి. ఆ బల్లకు సొరుగు ఉండేది. సొరుగులో మూడు ఉత్తరాలు, ఒకటి చింపినట్టు. సొరుగు మూస్తే అవి ఎవరికీ కనపడవు.

"కనపడనిదానికి గింత పరేషాన్ ఎందుకు చాచీ?"

"నీ పెట్టె తెరిచి చూస్తలేనని నువ్వు ఉతకని అంగీలు పెట్టుకుంటవే, గట్ల నాతోని కాదు."

తివాసి కోసం ఆమెతో పాటు గద్వాల కూడా పోయాను. పట్టు అంచు అల్లే ఒక నేతగాడి దగ్గర కూర్చుని, నాలుగంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడుగు కావాలని చెప్పింది చాచీ. ఆయన మగ్గం గుంటలోంచి తలెత్తాడు.

"గింతనా? సాకా?" అన్నాడు. చాలా అని. ఆ దిక్కు కన్నడం కలుస్తుంది. "ఎవలు కట్టుకుంటరమ్మా, ఎలుకనా?"

"కట్టుకోరు. పరుచుకుంటరు."

విషయం చెప్పేసరికి ఆయన గుంటలోంచి పైకి వచ్చాడు. మగ్గం మీద మిగిలిన ముక్క కోసి ఇవ్వబోయినవాడు ఆగి, అంత చిన్నదానికి మామూలు అంచు పువ్వు పెడితే గది పట్టదని, సన్న డిజైను వేసి వారం తర్వాత పంపాడు. చీర కట్టుకునేవాళ్లు కూడా అంత ముద్దు చేసి ఉండరు.

గది దుకాణం బల్ల మీదికి వచ్చింది. బాగుచేయించుకోవడానికి వాచీలు లేనివాళ్లు కూడా రావడం మొదలుపెట్టారు. అందరిదీ ఒకటే వరస. ముందు నవ్వుతారు. తర్వాత నడుం వంచుతారు. తర్వాత మాట ఆగిపోతుంది. ఊపిరి తగిలి దీపాల గుత్తి ఊగుతుందని ముక్కు మూసుకునేవాళ్లు కొందరు. గడీ ముందు నడుం వంచడం మా దిక్కు జనానికి కొత్త కాదు. సరదాగా వంచింది మాత్రం అదే మొదటిసారి. పెద్ద మీసాల లారీ డ్రైవరు ఒకాయన అరగంట చూసి, "దొర యాడికి పోయిండు?" అని మెల్లగా అడిగాడు, లోపలికి వినపడుతుందేమోనని.

మిగిలింది గడియారం. చాచా ఆడవాళ్ల బ్యాటరీ వాచీ ఒకటి విప్పి, అర్ధణా అంత డయలు కోసి, సెకన్ల ముల్లుతో సహా చేశాడు. చాచీ దాని చుట్టూ జానెడు బంగారు చట్రం చేసి ఎదురు గోడకు తగిలించింది. చూసి, "ఎనక్కి తిరగాలె," అంది.

"తిరగదు."

"తిరిగింది. నేను చూసిన."

పది రోజులు గడియారం ఆగే ఉంది. పదకొండో రోజు చాచా కంటికి భూతద్దం పెట్టుకుని, వాచీ లోపల ఒక రేకును తీసి తిరగేసి పెట్టాడు. ముల్లు ఎడమకు తిరగడం మొదలైంది. "ఇగ చూస్కో. గింత పిచ్చిగుంటది. నీ కండ్లతోని చూస్తే నీకే నవ్వొస్తది," అన్నాడు.

చాచీ ఎంతోసేపు చూసింది. నవ్వలేదు. "గిదే," అంది. చాచా చాయ్ తాగడానికి బయటికి పోయాడు.

ఆ వారమే బిజినేపల్లి నుంచి వచ్చిన గిరాకీ ఒకాయన, వాళ్ల అవ్వ వయసులో ఉన్నప్పుడు ఆ గడీలోనే ఊడ్చిందని చెప్పాడు. ఎనభై దాటింది గానీ యాది బాగుందన్నాడు. చాచీ ఆ రాత్రే దుప్పటి తీసి పెట్టుకుంది. మర్నాడు గదిని ఆ దుప్పట్లో మూటకట్టి, ముగ్గురం నాగర్‌కర్నూల్ బస్సెక్కాం. మూట నా ఒళ్లో.

"గా మూటల ఏముంది?" అన్నాడు కండక్టరు.

"గడీ."

"దానికి టికెట్ తీసుకున్నవా?"

"దొర పాసు మీద వస్తున్నడు."

అవ్వ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. మూట విప్పగానే కళ్ల దగ్గరికి చేయి అడ్డం పెట్టుకుని వంగింది. నేల చూసింది. పంకా తాడు చూసింది. వేలు లోపలికి పెట్టి పీకుదానిని తాకింది. "దీన్ని రోజు తోముతుంటి," అంది. తర్వాత ఎదురు గోడ చూసి నోరు చప్పరించింది.

"గడియారం గాడ కాదు బిడ్డా. తలుపు ఉన్న గోడకే, లోపలి దిక్కు, తలుపుకు జర పక్కన, ఎత్తుల ఉండె. ఎదురు గోడకు గడియారం యాడిది? గక్కడ అద్దం ఉండె. బంగారు అంచుది. తలుపంతది."

"అద్దమా?" అంది చాచీ.

"అద్దమే. మనిషి నెత్తి మీదికి కట్టిండ్రు. కిందికుంటే పనోళ్లు మొఖం చూస్కుంట నిలబడ్తరని దొర ఎత్తుకు పెట్టిచ్చిండు. నిచ్చెనేసుకోని తుడుస్తుంటి."

"మరి గడియారం... ఎనక్కి..."

"అన్ని గడియారాల తీరుగనే ఉండె తల్లీ."

"అరుగు మీద కూసుంటే కనపడ్తుండెనా?" అని చాచీ అడిగింది.

"అరుగు మీదినుంచి ఎట్ల కనపడ్తది? గోడకు లోపలి దిక్కు ఉన్నది బయటోళ్లకు కనపడ్తదా? పిల్లలను గడప దాటనియ్యకపోదురు. నువ్వు చూసినట్టు కల గన్నవేమో బిడ్డా. పెద్దోళ్లు చెప్పంగ ఇని."

అవ్వ మంచిగానే అంది. వెళ్లేటప్పుడు మాకు పల్లీలు కూడా పెట్టింది.

తిరుగు బస్సులో చాచీ కిటికీ పక్కన కూర్చుంది. చాచా ముప్పై ఏళ్ల కేసు గెలిచాడు. గెలిచిన మొఖం అట్లా ఉండదు. పల్లీలు ఒలిచి ఆమె చేతిలో పెడుతున్నాడు, ఆమె తినడంలేదు.

"మా అబ్బా మొఖం నాకు యాదికి లేదు," అంది చాచీ కొంచెం దూరం పోయాక. "ఈపు ఒక్కటి యాదికుండె. నిచ్చెన మీద, గడియారం దిక్కు తిరిగి. గది గూడ నేనే అల్లుకున్ననేమో. ఆయన నన్ను తోలుకపోనే లేదేమో."

నేను ఏదో ఒక జోకు వేద్దామని నోరు తెరిచాను. బస్సు గతుకులో పడి నాలుక కరుచుకున్నాను. బస్సుకు నాకంటే బుద్ధి ఎక్కువ.

"ఎనభై ఏండ్ల ముసలామె," అన్నాడు చాచా. "ఆమెకు మాత్రం అన్ని యాదికుంటయా?" ఆయన చాచీ పక్షాన వాదించడం నేను విన్నది అదే మొదలు. చాచీ వినిపించుకోలేదు.

ఇంటికి రాగానే గది మీద దుప్పటి కప్పేసింది. ఫాల్స్ కుట్టుకుంటూ ఉండిపోయింది. ఎవరైనా గది చూడడానికి వస్తే, రిపేరుకు పోయిందని చాచా చెప్పేవాడు. రిపేరు దుకాణంలో నిలబడి ఆ మాట చెప్పడం ఆయనకే బాగుండేది కాదు. నాలుగు రోజులు చూసి నన్ను పిలిచాడు.

"ఇంజినీర్ సాబ్, ముసలామె చెప్పినట్టే పెడ్దాం. ఆమె అబ్బా సంగతి దేవునికెరుక. గది అన్న సక్కగుండాలె గద."

నాకు కొత్తకోటలో లారీలు బాగుచేసే దోస్తు ఉన్నాడు. అద్దం ముక్క కావాలంటే లారీ పక్క అద్దం పగిలింది ఒకటి ఇచ్చాడు. తెచ్చి బంగారు చట్రంలో బిగించి చూస్తే గది మొత్తం గర్భవతి అయినట్టు కనపడింది. లారీ అద్దం ఉబ్బుగా ఉంటుందని నాకు తట్టలేదు. డ్రాయింగ్ ఎందుకు పోతోందో చాచాకు అప్పుడు అర్థమైందట. చివరికి ఫోటోలకు చట్రాలు కట్టేవాడి దగ్గర చదును అద్దం కోయించాం. చాచీ గడియారం కోసం చేసిన చట్రంలోనే అది సరిగ్గా పట్టింది. అవ్వ చెప్పినట్టు మనిషి తల కంటే ఎత్తులో, అంటే ఆరంగుళాల పైన, ఎదురు గోడకు బిగించాం. చాచా వాచీ విప్పి రేకును మళ్లీ మామూలుగా పెట్టాడు. ముల్లు ముందుకు తిరిగింది. దాన్ని తలుపున్న గోడకు, లోపలివైపు, తలుపు పక్కన ఎత్తులో తగిలించాడు. చాచీకి చెప్పలేదు. అడగలేదు కూడా ఆమె.

దుప్పటి తీసేసి, నేల దుమ్ము పడకుండా గదిని ఇంట్లో ఒక ఎత్తు పీట మీద పెట్టాం. తీసిన గోడ మేము కూర్చుని తినే వైపు, అరుగు గుమ్మం వైపు. రెండు రోజుల తర్వాత, కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం, చాచీ వెలుతురు కోసం ఇంటి గుమ్మం దగ్గరికి జరిగి నేల మీద కూర్చుని కుడుతోంది. గది అరుగు ఆమె వైపు ఉంది. కింద కూర్చుంటే ఆమె కంటికి సరిగ్గా ఆ అరుగు తగులుతుంది. నేనూ చాచా ఇవతల అన్నం తింటున్నాం. చాచీ సూదిలో దారం ఎక్కించడానికి తలెత్తి, అట్లాగే ఆగిపోయింది.

"అజీ," అంది. "గడియారం ఇంక గాడనే ఎందుకు ఉంచినవ్?"

"యాడ?"

"ఎదురు గోడకు."

చాచా తీసిన గోడలోంచి లోపలికి చూశాడు. "లేదే. తలుపు పక్కన పెట్టిన. ముసలామె చెప్పినట్టే."

"ఎదురుంగనే ఉంది. ఎనక్కే తిరుగుతుంది."

"ముందుకు పెట్టిన. నా చేతులతోని పెట్టిన."

"ఎనక్కి తిరుగుతుంది. నేను చూస్తున్న."

"నేను గూడ చూస్తున్న బేగం. గిదిగో, ముందుకు."

కేసు మళ్లీ మొదలైంది. అరుగు దిక్కున ఆమె, తీసిన గోడ దిక్కున ఆయన, నడుమ రెండడుగుల గడీ. నేను పెరుగన్నం చేతిలో పట్టుకుని ఇద్దరి మొఖాలూ చూశాను. లేచి వెళ్లి చాచీ పక్కన కూర్చుని, ఆమె కళ్ల ఎత్తుకు తల వంచాను. ఆ చిన్న తలుపులోంచి లోపలికి చూస్తే ఎదురు గోడ మీద బంగారు చట్రం కనపడింది. చట్రం అంత ఎత్తులో ఉండడంతో అందులో నా మొఖం లేదు, తలుపు లేదు, అద్దమని తెలియజేసేది ఏదీ లేదు. నడుమ గడియారం ఒక్కటే ఉంది. సెకన్ల ముల్లు ఎడమకు తిరుగుతోంది.

"చాచా," అన్నాను. "జర గిట్ల రా. గీడ కూసోవాలె."

"అన్నం తింటున్న."

"అన్నం యాడికి పోదు."

ఆయన వచ్చాడు. మోకాళ్లు రెండూ ఒకదాని తర్వాత ఒకటి చప్పుడు చేశాయి. చెంప పీట అంచుకు ఆనించి చూశాడు. అలవాటుగా ఒక కన్ను మూశాడు, గడియారం విప్పినప్పుడు మూసినట్టు. ఎంతసేపు చూశాడో చెప్పడానికి ఆ ఇంట్లో సరైన టైము చూపేది ఏదీ లేదు.

"అద్దంల చూసినవ్," అన్నాడు చివరికి. "నువ్వు అద్దంల చూసినవ్ బేగం."

చాచీ సూదిని చీరకు గుచ్చి పక్కన పెట్టింది.

"ముందుకే తిప్పిండు. మామ ముల్లును ముందుకే తిప్పిండు. అద్దంల నీకు ఎనక్కి పోయినట్టు అవుపడ్డది." తల ఎత్తి, గడ్డానికి అంటిన అన్నం మెతుకు తుడుచుకున్నాడు. "పనిమంతుడు."

ముప్పై ఏళ్ల కేసుకు తీర్పు అంత చిన్నది. నన్ను జడ్జిగా పెట్టుకుని వాళ్లే చెప్పేసుకున్నారు.

చాచీ ఇంకా ఆ తలుపులోంచే చూస్తోంది. "మరి చప్పుడు?" అంది. "చెవుల పక్కన?"

గడియారం తలుపు పక్కన, లోపలి దిక్కు గోడకు ఉంది. ఆమె ఆ గోడకు బయట అరుగు మీద కూర్చుంది. నేను అరుగు మీద ఒక వేలు, గోడకు లోపల గడియారం కింద, నిచ్చెన ఉండాల్సిన చోట, ఒక వేలు పెట్టి చూపించాను. రెండు వేళ్ల నడుమ రెండంగుళాలు లేదు. అడుగుకు అంగుళం లెక్కన చాచీయే గుణించుకుంది.

"గింత దూరమేనా," అంది. "నేను ఎదురు గోడ దిక్కు చూస్కుంట కూసున్న, గంత దూరం పోయిండే అని. ఆయన గోడ ఇవతల్నే ఉండె."

కొంగుతో మొఖం తుడుచుకుంది. ఉక్కపోత బాగా ఉంది, కరెంటు లేదు కూడా, కాబట్టి నేను ఏమీ అనుకోలేదు. చాచా మాత్రం లేచిపోయి, తన విస్తరి కాక నా విస్తరి ముందు కూర్చుని మిగిలిన అన్నం తినేశాడు.

గది మళ్లీ దుకాణం బల్ల మీదికి వచ్చింది. ఈసారి వచ్చినవాళ్లను చాచా తీసిన గోడలోంచి చూడనివ్వడం మానేశాడు. ముందు అరుగు దిక్కు తీసుకుపోయి, కూర్చోబెట్టి, తలుపులోంచి చూపించేవాడు. గడియారం ఎక్కడుంది, ఎటు తిరుగుతోంది అని అడిగేవాడు. వాళ్లు ఎదురుంగ ఉంది, ఎనక్కి తిరుగుతోంది అనగానే, "మా బేగం ముప్పై ఏండ్ల సంది చెప్తుంది," అనేవాడు, తను ముప్పై ఏళ్లూ ఒప్పుకుంటూ వచ్చినట్టు.

డ్రాయింగ్ ఆ ఏడు కూడా పోయింది. గడీ కట్టినవాణ్ని ఎట్లా తప్పిస్తారని చాచీ కోపం చేసింది. పేపరు దిద్దినవాళ్లు అరుగు మీదినుంచి చూసి ఉంటారని నేను సర్దిచెప్పాను.

నేను మేడమీద గది ఖాళీ చేసే ముందు రోజు చాచీ పాత తోలు వాచీ పట్టీ ఒకటి కత్తిరిస్తూ కనపడింది. గోరంత ముక్కలు రెండు కోసి, సన్నటి వార్లు కుట్టి, ఒక చెప్పుల జత చేసింది. మగవాళ్లవి. ఒకదానికి మడమ అరిగినట్టు గీకింది. అరుగు మీద, గడప బయట, ఒకటి తిన్నగా, ఒకటి కొంచెం వంకరగా విడిచినట్టు పెట్టింది. లోపల పని ఉండి పోయిన మనిషి చెప్పులు.

నేను వంగి చూశాను. బాగున్నాయని చెబితే ఆమె నమ్మదు కాబట్టి, "మరి నీవి ఏవి చాచీ?" అన్నాను.

"నాకు అప్పుడు చెప్పులు యాడివి?" అంది. "సైకిలు మీద పోయిన గద."